వచనంలో ఉన్నది ఉన్నట్టు

(గ్రామ సంఘాల్లో వాక్యం చెప్పేవారి కోసం జరిగిన తరగతిలో ఉదయపు ప్రసంగ పాఠం)

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. బైబిళ్లు మూయకండి, ఈ పూట చాలాసార్లు పేజీలు తిప్పాల్సి వస్తుంది. ప్రసంగంలో ఇన్ని రిఫరెన్సులు వద్దని కాసేపట్లో నేనే చెబుతాను. ఇది తరగతి కాబట్టి తప్పదు.

యోబు గ్రంథం 8వ అధ్యాయం 7వ వచనం తీయండి. “నీ స్థితి మొదట కొద్దిగా నుండినను తుదను నీవు మహాభివృద్ధి పొందుదువు.” మన సంఘాల్లో ఈ మాట తెలియని ఇల్లు ఉండదు. గోడ క్యాలెండర్ మీద ఉంటుంది, కొత్త షాపు ప్రతిష్ఠ కార్డు మీద ఉంటుంది, డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పంచే వాగ్దానాల్లో ఉంటుంది. ఇప్పుడు అదే పేజీలో వేలు పైకి జరిపి ఒకటో వచనం చూడండి. మాట్లాడుతున్నది ఎవరు? షూహీయుడైన బిల్దదు. నాలుగో వచనం చూడండి. ఏడుగురు కొడుకుల్ని, ముగ్గురు కూతుళ్లని ఒకే రోజున పోగొట్టుకున్న తండ్రి ముందు కూర్చుని, నీ పిల్లలు పాపం చేశారేమో, అందుకే దేవుడు వాళ్లని అప్పగించేశాడు అంటున్నాడు ఆయన. ఐదు, ఆరు వచనాల్లో షరతు పెడుతున్నాడు: నువ్వు పవిత్రుడివై వేడుకుంటే దేవుడు నీకోసం లేస్తాడు. ఆ షరతుకు తోకగా వచ్చింది ఏడో వచనం.

ఇక 42వ అధ్యాయం 7వ వచనానికి వెళ్లండి. యెహోవా ఎలీఫజుతో ఏమంటున్నాడు? నీమీద, నీ ఇద్దరు స్నేహితుల మీద నాకు కోపం వచ్చింది, మీరు నన్ను గురించి యుక్తమైనది పలకలేదు. ఆ ఇద్దరిలో బిల్దదు ఒకడు. తప్పు మాట్లాడాడని దేవుడే తేల్చిన మనిషి మాటను దేవుని వాగ్దానంగా కార్డు కొట్టించి పంచుతున్నాం.

మీలో ఒకరు తల ఊపుతున్నారు, యోబు కడపటి స్థితి నిజంగానే బాగుపడింది కదా అని. నిజమే, 42:12లో ఉంది. అయితే 42:12 చెప్పండి. దానికి ముందున్న 41 అధ్యాయాల కన్నీళ్లూ కలిపి చెప్పండి. బిల్దదు మాటతో ఉన్న చిక్కు వేరు. అది ఒంటరిగా రాదు, తన వెనకున్న లెక్కను కూడా వెంట తెచ్చుకుంటుంది: నువ్వు శుద్ధుడివైతే అభివృద్ధి, అభివృద్ధి లేదంటే నీలో ఏదో పాపం ఉంది. జనవరిలో ఆ కార్డు తీసిన మనిషి సెప్టెంబరులో షాపు మూసుకుంటే, అతని మనసులో మొదట లేచే ప్రశ్న అదే. వాగ్దానం అనుకున్నది నేరారోపణ అయి కూర్చుంటుంది.

కార్డులు పంచడమే తప్పని నేను అనడం లేదు. పంచేవారు ప్రతి వచనాన్నీ నాలుగు ప్రశ్నలతో వడపోయాలి. ఎవరు అన్నారు? ఎవరితో అన్నారు? ఏ సందర్భంలో? షరతు ఏమైనా ఉందా? మీతో ఉన్నానన్న మత్తయి 28:20, నిన్ను విడువనన్న హెబ్రీ 13:5 లాంటివి ఈ నాలుగింటికీ నిలబడతాయి. కార్డు మీద వచనంతో పాటు, ‘ఈ అధ్యాయం మొత్తం ఇంట్లో చదవండి’ అని ఒక వరుస అచ్చు వేయించండి. ఖర్చేమీ పెరగదు.

ఈ నాలుగు ప్రశ్నలకే ఇంకో పేరు సూటి అర్థం. రాసినవాడు, మొదట విన్నవాళ్లకు, ఆ మాటలతో ఏం చెప్పాడో అది. అక్షరాన్ని పట్టుకుని వేలాడమని కాదు. మత్తయి 5:29లో కన్ను పెరికి పారవేయమన్నాడు, ఎవరూ పెరుక్కోరు. అలంకారంగా అన్నదానికి అలంకారమే సూటి అర్థం. సామెతను సామెతగా, పాటను పాటగా, ఉత్తరాన్ని ఉత్తరంగా చదవాలి. సామెతలు 26:4 మూర్ఖుడికి వాడి మూఢత చొప్పున జవాబివ్వవద్దంటుంది, 26:5 ఇవ్వమంటుంది. రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఎప్పుడు ఏది పనికొస్తుందో తెలుసుకోవడమే అక్కడి జ్ఞానం. వాటిలో ఒకదాన్ని ఊడదీసి ఆజ్ఞ చేస్తే రెండోది అడ్డం తిరుగుతుంది.

ఇక ఉత్తరం. యిర్మీయా 29:11. “రాబోవు కాలమందు మీకు నిరీక్షణ కలుగునట్లుగా అవి సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు.” ఇది నిజంగా దేవుని మాటే, బిల్దదు చిక్కు ఇక్కడ లేదు. అయితే ఎవరికి వచ్చింది? 29:1 నుంచి చదవండి. క్రీస్తుపూర్వం 597లో నెబుకద్నెజరు యెకోన్యా రాజునీ పెద్దల్నీ చేతిపనివాళ్లనీ బబులోనుకు చెరగా తీసుకుపోయాడు. వాళ్లకు యిర్మీయా యెరూషలేము నుంచి పంపిన ఉత్తరం ఇది. 28వ అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త ఉన్నాడు. అతను దేవాలయంలో అందరి ముందూ, రెండేళ్లలో అంతా తిరిగి వచ్చేస్తుంది, యెహోవా సెలవిచ్చాడు అన్నాడు. బబులోనుకు లోబడాలనడానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద ఉన్న కాడిని తీసి విరగ్గొట్టాడు కూడా. ఆ రోజు మనం అక్కడ ఉంటే ఎవరికి ఆమెన్ చెప్పేవాళ్లం? నిజాయితీగా ఆలోచించండి.

యిర్మీయా ఉత్తరంలో ఉన్నది రెండేళ్లు కాదు, 70 ఏళ్లు. పదో వచనం చూడండి. అంటే ఆ ఉత్తరం చదివించుకున్న పెద్దవాళ్లలో ఎక్కువ మంది బబులోనులోనే కన్నుమూయాలి. అందుకే 5 నుంచి 7 వచనాల్లో ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటి పండ్లు తినండి, పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని చెరగా తెచ్చిన ఆ పట్టణపు క్షేమం కోసం ప్రార్థించండి అన్నాడు. పదకొండో వచనం ఈ డెబ్బై ఏళ్ల మీద నిలబడి ఉంది. పదిని వదిలేసి పదకొండు చెప్పేవాడు యిర్మీయా పుస్తకం పట్టుకుని హనన్యా ప్రసంగం చేస్తున్నాడు. హనన్యా ప్రసంగం చేసింది ఐదో నెలలో, చనిపోయింది అదే ఏడు ఏడో నెలలో. 28:1, 28:17 పక్కపక్కన పెట్టి చూసుకోండి.

సూటిగా చెబితే వచనం పలచబడిపోతుందని భయపడకండి. గోదావరి జిల్లాల నుంచి, కరీంనగర్ వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు మన ప్రసంగాలు ఫోన్లో వింటున్నారు. వాళ్లకు ‘ఈ నెలలోనే నీ బంధకాలు తెగిపోతాయి’ అని చెప్పడం తేలిక. పరాయి దేశంలో, యజమాని ఊళ్లో, ఎప్పుడు తిరిగి వెళ్తామో తెలియని చోట ఎలా బతకాలో 5 నుంచి 7 వచనాల్లో దేవుడు స్వయంగా చెప్పాడు. అది చెప్పండి.

ఇప్పుడు ఉపమానానికి వద్దాం. ఎక్కువసేపు ఇక్కడే ఉంటాను, ఎందుకంటే మర్మాల వేట, అంటే వచనంలో లేని దాగిన అర్థాలు వెతకడం, ఎక్కువగా జరిగేది ఇక్కడే. లూకా 10, మంచి సమరయుడు. దొంగలు కొట్టి పడేసిన మనిషిని చూసి యాజకుడు, లేవీయుడు పక్కనుంచి వెళ్లిపోతారు. యూదులకు పడని సమరయుడొకడు అతన్ని పూటకూళ్ల ఇంటికి చేర్చి, ఖర్చుకు రెండు దేనారాలు ఇస్తాడు.

ఈ ఉపమానానికి పాత వ్యాఖ్యానం ఒకటుంది. మూడో శతాబ్దంలో సంఘ పండితుడు ఓరిగెను ఎత్తుకున్నాడు, తర్వాత బిషప్పు అగస్టీను ఇంకాస్త పెంచాడు. యెరూషలేము నుంచి దిగిపోయిన మనిషి ఆదాము. దొంగలు సాతాను, వాడి దూతలు. యాజకుడు, లేవీయుడు పాత నిబంధన. సమరయుడు క్రీస్తు. పూటకూళ్ల ఇల్లు సంఘం. అగస్టీను లెక్కలో పూటకూళ్లవాడు అపొస్తలుడైన పౌలు. వినడానికి చాలా బాగుంటుంది. ఒక్కో ముక్కా అతుక్కుంటుంటే సభలో హల్లెలూయాలు వస్తాయి. వీళ్లు చిన్నవాళ్లు కారు, వాళ్ల విశ్వాసాన్ని నేను శంకించడం లేదు. అగస్టీను రాసిన ఎన్నో విషయాలు ఇప్పటికీ మనకు ఆధారం. ఇక్కడ మాత్రం ఒక్కటి అడగండి: ఆ రెండు దేనారాలు ఏమిటి? ఒకరు ప్రేమకు సంబంధించిన రెండు ఆజ్ఞలు అంటారు. ఒకరు బాప్తిస్మము, ప్రభువు బల్ల అంటారు. ఇంకొకరు పాత నిబంధన, కొత్త నిబంధన అంటారు. ఎవరిది తప్పని ఎలా తేలుస్తాం? తేల్చే దారి లేదు. వచనంలోంచి తీసినదైతే వచనం దగ్గరికి తీసుకెళ్లి సరిచూడొచ్చు. తలలోంచి తీసినదాన్ని ఎక్కడికి తీసుకెళ్తారు? తప్పని నిరూపించే వీలులేని బోధ సంఘానికి ప్రమాదం, ఎందుకంటే అప్పుడు మిగిలేది బోధకుడి గొంతు ఒక్కటే.

పదహారో శతాబ్దంలో సంస్కర్త కాల్విన్ ఈ వ్యాఖ్యానం తనకు నచ్చదని రాసి, లేఖనం పట్ల ఇంకా ఎక్కువ భయభక్తులు ఉండాలన్నాడు. అంతకు పన్నెండు వందల ఏళ్ల ముందే అంతియొకయలో ఒక వరుస బోధకులు వచనాన్ని దాని చరిత్రలో, దాని వాక్యంలో పెట్టి చదవాలని పట్టుబట్టారు. క్రిసోస్తొము అక్కడివాడే. మత్తయి సువార్త మీద ఆయన చేసిన 90 ప్రసంగాలు ఇప్పటికీ ఉన్నాయి. వచనం తర్వాత వచనం వివరించుకుంటూ పోతాడు, చివర బీదల గురించో ఒట్లు పెట్టుకోవడం గురించో గట్టిగా తగులుకుంటాడు. కొత్తగా పుట్టిన పద్ధతి కాదిది.

సరే, ఇప్పుడు సూటిగా చదువుదాం. ఉపమానం 30వ వచనంలో మొదలవుతుంది, కానీ మన భాగం 25లో మొదలవ్వాలి. ఎందుకు? ప్రశ్న అక్కడుంది. ధర్మశాస్త్రోపదేశకుడు శోధించడానికి లేచాడు, నిత్యజీవం గురించి అడిగాడు. జవాబు తనే చెప్పుకున్నాడు. 29లో, తాను నీతిమంతుడైనట్టు కనబరచుకోవాలని, నా పొరుగువాడెవడు అని రెండో ప్రశ్న వేశాడు. ఉపమానం ఆ రెండో ప్రశ్నకు జవాబు. ప్రశ్నను వదిలేసి జవాబును వివరించబోతే పూటకూళ్ల ఇంటి అర్థం వెతుక్కోవడం తప్ప మనకు పని మిగలదు.

ఒక పేజీ వెనక్కి వెళ్లండి, 9:52 నుంచి 54. సమరయుల గ్రామం ఒకటి యేసును చేర్చుకోలేదు. యాకోబు, యోహాను ఆకాశం నుంచి అగ్ని రప్పించమంటారా అని అడిగారు. ఆ వేడి ఇంకా చల్లారకముందే యేసు తన కథలో మంచివాడిగా సమరయుణ్ణి నిలబెట్టాడు. విన్నవాళ్లకు గొంతుకు అడ్డం పడి ఉంటుంది.

వివరాలు కూడా అవసరమైనంతే తీసుకోండి. యెరూషలేము సముద్రమట్టానికి ఏడు వందల మీటర్లకు పైన, యెరికో సముద్రమట్టం కంటే రెండు వందల మీటర్లకు పైగా కింద. పాతిక కిలోమీటర్ల దూరంలో దాదాపు వెయ్యి మీటర్ల దిగుడు, రాళ్ల లోయ, దొంగలు దాక్కోవడానికి అనువైన చోటు. అందుకే ‘దిగి వెళ్లుచు’ అని ఉంది, పరలోకం నుంచి పడిపోయాడని కాదు. దేనారం ఎంత? మత్తయి 20:2 చూడండి, కూలివాడి ఒక రోజు కూలి. రెండు దేనారాలంటే రెండు రోజుల కూలి, పైగా ఇంకేమైనా ఖర్చయితే తిరిగొచ్చి ఇస్తానన్న మాట. మన ఊళ్లో రెండు రోజుల కూలి ఎంతో మీకు తెలుసు, ఆ అంకె చెప్పండి. వినేవాడికి మర్మం కంటే ఆ అంకె బలంగా తగులుతుంది.

చివరికి 36, 37. యేసు ప్రశ్నను తిప్పేశాడు. నా పొరుగువాడెవడు అని అతను అడిగితే, ఈ ముగ్గురిలో ఎవడు పొరుగువాడయ్యాడు అని ఈయన అడిగాడు. ఆ ఉపదేశకుడు ‘సమరయుడు’ అనే పేరు కూడా నోట పలకలేకపోయాడు, ‘అతనిమీద జాలిపడినవాడే’ అన్నాడు. నీవును వెళ్లి ఆలాగు చేయుము అన్నాడు యేసు. ప్రసంగం అక్కడ దిగాలి.

రూపకంగా చెప్పినప్పుడు పోయేది ఇదే. సమరయుడు క్రీస్తయితే, కొట్టబడినవాణ్ణి నేనైతే, ఎత్తి తీసుకెళ్లే పని ఆయనది, పడి ఉండే పని నాది. వెళ్లి ఆలాగు చేయుము అన్న మాట గాలిలో కలిసిపోతుంది. మన దగ్గర పెళ్లి సంబంధం దగ్గరా సమాధుల తోట దగ్గరా కులం అడిగే సంఘాలు ఉన్నాయి. ఈ ఉపమానం మీద అక్కడ గంటసేపు ప్రసంగం చేసి, ఆ మాట ఎత్తకుండా ముగించడానికి దేనారాల మర్మం చాలా ఉపయోగపడుతుంది. కొన్నిసార్లు ఊహాబోధ అమాయకత్వం కాదు, తప్పించుకునే దారి.

అయితే పాత నిబంధనలో క్రీస్తు ఛాయలే లేవా అని అడుగుతారు. ఉన్నాయి. లేఖనమే ముడి వేసిన చోట మనమూ గట్టిగా చెప్పాలి. సంఖ్యాకాండము 21లో ఇత్తడి సర్పం ఉంది, యోహాను 3:14లో యేసే దాన్ని తనకు అన్వయించాడు. మెల్కీసెదెకును హెబ్రీ పత్రిక అన్వయించింది. హాగరు, శారా విషయం అలంకారరూపంగా చెబుతున్నానని గలతీ 4:24లో పౌలే చెప్పాడు. లేఖనం ముడి వేయని చోట స్వరం తగ్గించాలి. యెరికోలో వేగులవారిని దాచిన రాహాబు కిటికీకి కట్టిన ఎర్రని దారం యేసు రక్తానికి గుర్తు అని మొదటి శతాబ్దపు చివరి నుంచే చెబుతున్నారు. మత్తయి 1:5 వంశావళిలో పేరు పక్కన పెడితే, కొత్త నిబంధన రాహాబును గురించి రెండుచోట్ల మాట్లాడింది, హెబ్రీ 11:31, యాకోబు 2:25. విశ్వాసం గురించి చెప్పింది, వేగులవారిని చేర్చుకున్న క్రియ గురించి చెప్పింది. దారం ఊసు రెండుచోట్లా లేదు. హెబ్రీ పత్రిక రచయిత 9వ అధ్యాయంలో గుడారపు సామాను వరుసగా చెప్పుకుంటూ వచ్చి, ఐదో వచనంలో వీటిని గురించి ఇప్పుడు వివరంగా చెప్ప వల్లపడదని ఆగిపోయాడు. ఆయనే ఆగిన చోట మనం ప్రతి మేకుకూ ప్రతి దిమ్మకూ అర్థం చెప్పడానికి పూనుకుంటాం.

అంకెల సంగతి కూడా అంతే. యోహాను 21:11లో 153 చేపలు. ఒకటి నుంచి పదిహేడు దాకా కూడితే 153 వస్తుంది, పదిహేడంటే పది ఆజ్ఞలూ ఏడు ఆత్మలూ అని అగస్టీను లెక్క. కూడిక సరైనదే. మచిలీపట్నం రేవులోనో కాకినాడ రేవులోనో ఒక జాలరిని అడగండి, చేపలెందుకు లెక్కపెట్టారని. పంచుకోవడానికి అంటాడు. యోహాను తన కారణం అదే వచనంలో చెప్పాడు: అంత విస్తారంగా పడినా వల పిగలలేదు. లూకా 5:6లో వలలు పిగిలిపోసాగాయి. పోల్చాలనుకుంటే ఈ రెండింటినీ పోల్చండి.

దావీదు ఏరుకున్న ఐదు రాళ్లకు విశ్వాసం, ప్రార్థన, ఉపవాసం అంటూ పేర్లు పెట్టేవారున్నారు. గొల్యాతుకు తగిలింది ఒకటే. మిగతా నాలుగూ సంచిలోనే ఉండిపోయాయి, మరి ఆ నాలుగూ అక్కరలేనివా? 1 సమూయేలు 17:45 నుంచి 47 చదవండి. ఆ సంఘటన మీద ప్రసంగం దావీదే చేసేశాడు, యుద్ధం యెహోవాదే అని. మనం దాన్ని మళ్లీ చెబితే చాలు.

కట్టుకథలు కొన్ని ఉన్నాయి, త్వరగా దాటేస్తాను. ధనవంతుడు దేవుని రాజ్యంలో చేరడం కంటే ఒంటె సూదిబెజ్జంలో దూరడం తేలిక అన్నాడు యేసు. ఆ సూదిబెజ్జం అనేది యెరూషలేములో ఒక చిన్న ద్వారం పేరు, ఒంటె మోకాళ్ల మీద వంగితే దూరేది అంటారు. యేసు కాలంలో అలాంటి ద్వారం ఉన్నట్టు ఆధారం లేదు. అంతకంటే ముఖ్యం, మత్తయి 19:25లో శిష్యులు విస్తుపోయారు, 26లో యేసు ఇది మనుష్యులకు అసాధ్యం అన్నాడు. ద్వారం కథ ఆ అసాధ్యాన్ని కాస్త కష్టమైనదిగా మార్చేస్తుంది. ధనవంతుడు వంగితే చాలు, దేవుడు అక్కరలేదు. పక్షిరాజు నలభై ఏళ్లప్పుడు కొండమీద ముక్కు విరగ్గొట్టుకుని, ఈకలు పీక్కుని కొత్త జన్మ ఎత్తుతుందన్న కథను, పక్షిరాజుల్లా పైకి ఎగురుతారన్న యెషయా 40:31కి అతికిస్తారు. ముక్కు విరిగిన పక్షి తినలేక చస్తుంది. ఈకలు కాలక్రమంలో కొద్దికొద్దిగా రాలి కొత్తవి వస్తాయి. ప్రధాన యాజకుడు అతిపరిశుద్ధ స్థలంలో చనిపోతే బయటికి లాగడానికి కాలికి తాడు కట్టేవారన్నది నిర్గమకాండములో లేదు, లేవీయకాండము 16లో లేదు. గంటలు మాత్రం నిర్గమకాండము 28:33 నుంచి 35లో ఉన్నాయి. ఇప్పుడు వినేవాళ్ల చేతుల్లో ఫోన్లున్నాయి. పక్షిరాజు అబద్ధమని పదో తరగతి కుర్రాడు అక్కడికక్కడే చూసుకుంటాడు. తర్వాత మీరు పునరుత్థానం గురించి చెప్పినా అదే అనుమానంతో వింటాడు.

తేదీలు. అమెరికాలో విలియం మిల్లర్ అనుచరులు దానియేలు 8:14లోని 2,300 దినాలను సంవత్సరాలుగా మార్చి, క్రీస్తుపూర్వం 457 నుంచి లెక్కకట్టి, ప్రభువు 1844 అక్టోబరు 22న వస్తాడన్నారు. పొలాల్లో పంట కోయకుండా వదిలేసినవాళ్లున్నారు. అమెరికా రేడియో బోధకుడు హెరాల్డ్ క్యాంపింగ్ 2011 మే 21 అన్నాడు, రేడియోలో, రోడ్ల పక్క పెద్ద బోర్డుల మీద. ఆ రోజు గడిచాక అక్టోబరు 21 అన్నాడు. తర్వాతి ఏడాది తప్పు ఒప్పుకున్నాడు. ఇద్దరి లెక్కల్లో కూడికలు తప్పలేదు. ఆ దినం మనకు తెలియదనే మత్తయి 24:36, అపొస్తలుల కార్యములు 1:7 తెరిచి ఉండగానే లెక్క మొదలుపెట్టడం తప్పు. ద్వితీయోపదేశకాండము 29:29 రెండు గంపలు పెట్టింది. రహస్యాలు యెహోవావి. బయలుపరచబడినవి మనవి, అవీ నడుచుకోవడానికి.

స్వస్థత గురించి ఒక మాట చెప్పి తయారీకి వస్తాను. రోగుల కోసం ప్రార్థించమని యాకోబు 5:14 చెప్పింది, ప్రార్థించాలి. కానీ పౌలు త్రోఫిమును రోగిగా మిలేతులో విడిచి వచ్చాడు, 2 తిమోతి 4:20. తిమోతి కడుపు జబ్బుకు ద్రాక్షారసం కొంచెం పుచ్చుకోమన్నాడు, 1 తిమోతి 5:23. మాత్రలు మానేయమని వేదిక మీద నుంచి చెప్పే అధికారం మనకు ఏ వచనమూ ఇవ్వలేదు. క్షయ మందులు మామూలుగా ఆరు నెలలు వాడాలి. కాస్త తేలికపడగానే మధ్యలో ఆపేస్తే జబ్బు మందుకు లొంగకుండా ముదురుతుంది, ఇంట్లోవాళ్లకు అంటుతుంది. ఒక ప్రసంగం చేసే హాని ఆ కుటుంబం అంతా మోయాలి.

తయారీ. మీలో చాలామంది పగలంతా పని చేసుకుని ఆదివారం వాక్యం చెప్పేవారు. ఊహాబోధకు ముఖ్య కారణం దురుద్దేశం కాదు, శనివారం రాత్రి. పదకొండు గంటలకు ఒక వచనం తెరిచి, తోచింది పట్టుకుని, కాంకార్డెన్సులో (బైబిలు మాటల సూచికలో) అదే మాట ఉన్న ఇరవై వచనాలు ఏరుకుంటే ప్రసంగంలా కనిపించేది తయారవుతుంది. ఒకచోట కర్ర కనబడితే అన్ని కర్రలూ సిలువే అవుతాయి. అందుకని మొదటి పని, ఒక పుస్తకం పట్టుకుని వరుసగా చెప్పండి. రూతు నాలుగు అధ్యాయాలు, 85 వచనాలు, నాలుగు ఆదివారాలు. ఫిలిప్పీ నాలుగు అధ్యాయాలు, 104 వచనాలు, పది పన్నెండు వారాలు. ఈ వారం ఏం చెప్పాలన్న వెతుకులాట పోతుంది, మనకు నచ్చని వచనాలు కూడా వంతు ప్రకారం వస్తాయి.

సోమవారం ఆ భాగాన్ని పైకి చదవండి, ఐదుసార్లు. మనసులో కాదు, పైకి. మంగళవారం చేత్తో నోటుబుక్కులో రాసుకోండి. రాసేటప్పుడు ‘కాబట్టి’, ‘అయితే’, ‘ఎందుకనగా’ కింద గీత గీయండి. వాదన ఆ చిన్న మాటల మీద నడుస్తుంది. వచనాల అంకెలను నమ్ముకోకండి, కొత్త నిబంధనలో ఇప్పుడున్న వచన సంఖ్యలు 1551లో ఫ్రెంచి ముద్రాపకుడు రాబర్ట్ ఎస్తియెన్ వేసినవి, కొన్నిచోట్ల వాక్యం మధ్యలో తెగుతాయి. బుధవారం నాలుగు ప్రశ్నలూ వేసుకోండి. గురువారం రిఫరెన్సులు, మూడో నాలుగో, అంతకు మించొద్దు. ముందు అదే పుస్తకంలోంచి, తర్వాత అదే రచయిత రాసినవాటిలోంచి, ఆ తర్వాతే బయటినుంచి. శుక్రవారం ప్రసంగం మొత్తాన్ని ఒక్క వాక్యంలో రాయండి. ఆ వాక్యం రాయలేకపోతే ప్రసంగం ఇంకా లేదన్నమాట. ‘నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను’ అన్న ఫిలిప్పీ 4:13కి అలా రాసి చూడండి. పైనున్న 11, 12 వచనాల్లో ఆకలి, కలిమి, లేమి, సంతృప్తి ఉన్నాయి. పౌలు బంధకాల్లో ఉన్నాడు. ‘క్రీస్తు బలంతో లేమిలోనూ కలిమిలోనూ సంతృప్తిగా ఉండగలను’ అని వస్తుంది. పరీక్షలో ఫస్టు ర్యాంకు అని రాదు.

శనివారం పైకి చెప్పి గడియారం చూసుకోండి. నలభై నిమిషాలైతే చదవడానికి నాలుగు, వివరణకు ఇరవై, మిగతాది అన్వయానికి. చాలామంది వివరణ పది నిమిషాల్లో ముగించి అన్వయంలోకి దూకుతారు, అక్కడ సరుకు చాలక కేకలు పెరుగుతాయి. నెహెమ్యా 8:8లో లేవీయులు చేసింది ఇంతే: స్పష్టంగా చదివారు, జనులు గ్రహించేలా అర్థం చెప్పారు. ఆ రోజు జనం ఏడ్చారు, ఎవరూ ఏడిపించలేదు.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలో ఒకరు: పరిశుద్ధాత్మ ప్రార్థనలో చూపించింది చెప్పకూడదంటారా అయ్యగారూ?)

చెప్పండి, కానీ దానికి ఏ పేరు పెడుతున్నారో చూసుకోండి. 1 కొరింథీ 7వ అధ్యాయం తీయండి. పదో వచనంలో పౌలు, నేను కాదు ప్రభువే ఆజ్ఞాపిస్తున్నాడు అంటాడు. పన్నెండులో, ప్రభువు కాదు నేనే చెబుతున్నాను అంటాడు. ఇరవై అయిదులో కన్యకల విషయమై నాకు ప్రభువు ఆజ్ఞ లేదు గాని నా తాత్పర్యం చెబుతున్నాను అంటాడు. అపొస్తలుడే అంత జాగ్రత్తగా గీత గీసుకున్నాడు. మీరు కూడా ‘ఇది వచనంలో ఉంది’, ‘ఇది నాకు తోచింది’ అని వేదిక మీదే విడదీసి చెప్పండి. బెరయవారు పౌలు చెప్పినదాన్నే రోజూ లేఖనాల్లో సరిచూశారు, లూకా వాళ్లని మెచ్చుకున్నాడు. మీ సంఘంలో ఒక అక్క లేచి ‘అది ఎక్కడుందయ్యగారూ’ అని అడిగితే కోపం తెచ్చుకోకండి.

(మరొకరు: అయితే ప్రకటన గ్రంథం జోలికి పోకపోవడమే మంచిదా?)

పోవాలి. 1:3 చదివేవాడూ వినేవారూ ధన్యులంటుంది. అయితే 13వ అధ్యాయంతో మొదలుపెట్టకండి. అక్కడున్న మృగం సంఖ్య 666ను బార్‌కోడ్‌కు అతికించారు, ఆధార్‌కు అతికించారు, కరోనా టీకాకు అతికించారు. టీకా విషయంలో భయపడి ఆగిపోయినవాళ్లున్నారు. రెండో శతాబ్దంలోనే బిషప్పు ఇరేనియసు ఆ అంకెకు పేర్లు వెతకొద్దని, తొందరపడొద్దని రాశాడు. కొన్ని ప్రతుల్లో 616 అని ఉన్న సంగతి కూడా ఆయనకు తెలుసు. రోమా చక్రవర్తి నీరో కైసరు పేరును హెబ్రీ అక్షరాల్లో రాసి కూడితే 666 వస్తుందని, ఆ రోజుల్లో హింసపడుతున్న సంఘాలకు అది అర్థమై ఉంటుందని చాలామంది పండితులు అంటారు. అది కూడా ‘అంటారు’ అనే చెప్పండి. గుర్తుల అర్థం గ్రంథమే విప్పిన చోట్లు చాలా ఉన్నాయి. ఏడు నక్షత్రాలు, ఏడు దీపస్తంభాలు ఏమిటో 1:20లో ఉంది. ఘటసర్పం ఎవరో 12:9లో ఉంది. అక్కడి నుంచి నడవండి.

నా సలహా, 2, 3 అధ్యాయాలు ఏడు వారాలు చెప్పండి, వారానికో సంఘం. లవొదికయ వారంలో 3:20 వస్తుంది, తలుపునొద్ద నిలిచి తట్టుచున్నాను అన్నది. దాన్ని సువార్త సభల్లో అన్యులకు వాడుతుంటాం. 3:14 చూస్తే అది సంఘానికి రాసిన ఉత్తరం, ఆయన నిలబడింది సంఘం తలుపు బయట. ఆ ఆదివారం ఆ ఒక్కటి చెప్పడానికే ధైర్యం కావాలి. భోజనాల తర్వాత మూడు గుంపులుగా కూర్చుందాం. ముందు వరుసలవారు ఎఫెసు, మధ్యవారు స్ముర్న, వెనకవారు పెర్గము. నాలుగు ప్రశ్నలు, ఒక్క వాక్యం, నలభై నిమిషాలు. నోటుబుక్కు లేనివారు ఇక్కడ తీసుకోండి.